చూసొచ్చామంటారు, ఏం చూశారట?

విశాఖపట్నంలో కాపురం ఉండేవాడికి చుట్టాల కొరత ఉండదు. దసరా సెలవులకి కొందరు, సంక్రాంతికి కొందరు, ఎండాకాలంలో పిల్లల పరీక్షలు అయిన మర్నాటి నుంచి ఇక లెక్కే లేదు. మొదటి రోజు రామకృష్ణా బీచి, రెండో రోజు సింహాచలం. మూడో రోజు పొద్దున్న కాఫీ తాగుతూ ఎవరో ఒకరు అననే అంటారు: "ఇక్కడిదాకా వచ్చాం కదా, కారేసుకుని అలా ఎక్కడికైనా వెళ్ళొద్దామా?" ఈ మాట మాత్రం మా రోజుల్లోనూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆ తర్వాత జరిగేదే మొత్తం మారిపోయింది.

మా రోజుల్లో ఆ ప్రశ్నకి జవాబు ఒక్క ఊరి పేరు. భీమిలి అంటే భీమిలి, అరకు అంటే అరకు. పొద్దున్న వెళ్తే దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరడం. ఇప్పుడు జవాబుగా ఒక పట్టీ వస్తుంది. మొన్న మా అల్లుడు వాట్సాప్‌లో పంపాడు. నాలుగున్నరకి బయలుదేరాలట. తాటిపూడి రిజర్వాయరు దగ్గర సూర్యోదయం, బొర్రా గుహలు గంట, కటికి జలపాతం గంట, గాలికొండ పది నిమిషాలు, ఆ తర్వాత పద్మాపురం తోటలు, గిరిజన మ్యూజియం, కాఫీ మ్యూజియం, చాపరాయి, తిరుగుదారిలో బొంగు చికెను, రాత్రి తొమ్మిదికి ఇల్లు. "అంతా బాగుంది అల్లుడుగారూ, ఒంటేలుకి ఎప్పుడు దిగాలో రాయడం మర్చిపోయారు" అన్నాను. అల్లుడు నవ్వాడు. మా అమ్మాయి నవ్వలేదు.

నా గొడవంతా ఇక్కడే. ఒక రోజుకి ఒక చోటు చాలు. రెండోది పెట్టుకున్నామంటే మొదటి చోట కూర్చున్నంతసేపూ రెండో చోటి ధ్యాసే. ఎనిమిది పెట్టుకున్నవాడి సంగతి చెప్పేదేముంది, వాడు రోజంతా కారు తలుపులు తీస్తూ వేస్తూ ఉంటాడు.

మేమేదో పెద్ద వివేకంతో ఒక్క చోటితో సరిపెట్టుకున్నామని అనను. కారు అంతకన్నా తిరగనిచ్చేది కాదు. అప్పట్లో కారంటే అంబాసిడరు. డాబుసరిగా ఉండేవాళ్ళకి ఫియట్టు ఉండేదిగాని అందులో మా చుట్టాలు పట్టరు. మా వీధిలో సొంత కారున్నవాడు లేడు, కాబట్టి టాక్సీయే. ముందు రోజు సాయంత్రం స్టాండుకి నడిచి వెళ్ళి మాట్లాడుకోవాలి. కిలోమీటరుకి ఎంత, ఆగి ఉన్నందుకు ఎంత, డ్రైవరు బత్తా ఎంత, అతని భోజనం ఎవరిది అన్నీ అక్కడే తేల్చుకోవాలి. ఆఖర్న అతను అడిగేవాడు: "ఎంతమంది బాబూ?" "ఆరుగురం" అనేవాళ్ళం. పొద్దున్న అతను వచ్చి చూసేసరికి అరుగు మీద పదకొండుమంది ఉండేవాళ్ళు. ఒళ్ళో పట్టే పిల్లలు లెక్కలోకి రారన్నది అప్పటి న్యాయం. ముందు సీటు అటు నుంచి ఇటు దాకా ఒకటే బెంచీ. గేరు స్టీరింగు పక్కన ఉండేది కాబట్టి డ్రైవరుతోబాటు ముగ్గురు సర్దుకునేవాళ్ళు. గేరు మార్చినప్పుడల్లా మా బావగారు మోకాళ్ళు అటు తిప్పుకోవడం నాకింకా కళ్ళకి కట్టినట్టుంది.

ఇప్పుడు ఏడుగురికని చెప్పే కారులో నలుగురు వెళ్తారు. ఆ నలుగురిలో ముగ్గురికి చెవుల్లో ఏదో ఒకటి ఉంటుంది.

అరకు ప్రయాణం చెబుతాను, వినండి. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట. అక్కడిదాకా ఒక లెక్క. శృంగవరపుకోటలో ఇడ్లీలు తిని, రేడియేటరు నింపుకుని, బొడ్డవర దాటితే ఘాట్ మొదలు. అసలు అరకు వెళ్తామంటేనే ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకునేవాళ్ళు కాదు. మన్యం జ్వరం పట్టుకుంటుందని భయం. రాత్రి అక్కడ ఉండబోమని, అక్కడి నీళ్ళు తాగబోమని ఒట్టు వేయించుకుని పంపేవాళ్ళు. అందుకే ఇంటి నుంచి మరచెంబులతో నీళ్ళు. ఒట్టు ఎంతవరకు నిలబడేదో ఆ మరచెంబులకే తెలుసు.

ఎండాకాలంలో నిండు బండితో కొండెక్కుతుంటే ఏదో ఒక మలుపులో ఇంజను ఎక్కిళ్ళు మొదలెట్టేది. గొంతుకడ్డం పడ్డట్టు రెండు మూడుసార్లు ఊగి నిలబడిపోయేది. డ్రైవరు ఏమాత్రం కంగారు పడేవాడు కాదు. దిగడం దిగడమే చక్రం వెనకాల చెక్క దిమ్మ పెట్టేవాడు. ఆ దిమ్మ లేకుండా ఘాట్ ఎక్కే డ్రైవరు ఆ రోజుల్లో లేడు. తర్వాత బానెట్ ఎత్తి, "కాగిపోనాది బాబూ, కాసేపు సల్లారనీయండి" అనేవాడు. ఆ వేడికి పెట్రోలు పంపులోనే ఆవిరైపోయి కార్బురేటరుకి అందేది కాదు. భుజం మీది తువ్వాలు తడిపి పంపు చుట్టూ చుట్టేవాడు. రేడియేటరు పని ఇంకా జాగ్రత్తగా చేసేవాడు. మూత మీద గోనె గుడ్డ కప్పి, మొహం పక్కకి తిప్పుకుని, పావు చుట్టు తిప్పి చెయ్యి తీసేసేవాడు. బుస్సుమని ఆవిరి లేచేది. అది పూర్తిగా చల్లారేదాకా రెండో చుట్టు తిప్పడు. నీళ్ళు కూడా ఒక్కసారిగా కుమ్మరించడు. ఇంజను ఆడుతుండగానే కొంచెం కొంచెంగా పోసేవాడు. కాగిన ఇనుము మీద ఒక్కపెట్టున చన్నీళ్ళు పడితే ఇంజను పగులుతుందని మాకు పాఠం చెప్పేవాడు. మావాళ్ళలో ఇంజనీరింగు చదివినవాడు ఒకడుండేవాడు. అతనికీ అదే పాఠం.

ఈ తతంగానికి ముప్పావుగంట పట్టేది. ఆ ముప్పావుగంటా మేం రోడ్డు పక్కన రాళ్ళ మీద కూర్చునేవాళ్ళం. మా పెద్దత్తయ్య జంతికల డబ్బా విప్పేది. కింద లోయలో గూడ్సుబండి ఒక సొరంగంలోంచి వచ్చి ఇంకో సొరంగంలోకి దూరుతుంటే పిల్లలు పెట్టెలు లెక్కపెట్టేవాళ్ళు. బైలాడిల్లా గనుల ఇనుప ఖనిజం విశాఖ రేవుకి చేర్చి జపాను పంపడానికి 1960ల్లో వేసిన కొత్తవలస-కిరండూల్ లైను అది. ఎన్ని పెట్టెలో ఏ ఇద్దరికీ ఒకే లెక్క వచ్చేది కాదు, దాని మీద మళ్ళీ తగువు. పైనుంచి ఆడవాళ్ళు నెత్తిన అడ్డాకుల కట్టలు పెట్టుకుని వరసగా దిగి వచ్చేవాళ్ళు. ముక్కుకి మూడు పుడకలు, చెవుల నిండా రింగులు. మమ్మల్ని చూసి వాళ్ళలో వాళ్ళు ఏదో అనుకుని నవ్వుకునేవాళ్ళు. మా అత్తయ్య ఆపి కట్ట ఎంతని అడిగేది. ఆమె చెప్పిన ధరకి మా అత్తయ్య సగం అనేది, ఆమె కట్ట ఎత్తుకుని నడిచేది, మా అత్తయ్య వెనక్కి పిలిచేది. ఆ రోజు మధ్యాహ్నం ఆ ఆకుల్లోనే మా భోజనం. మేం అరకు చూశామంటే ఇలా కారు ఆగిపోయిన మలుపుల్లోనే చూశాం.

ఇప్పుడు కారు ఆగదు. అద్దాలు దిగవు. లోపల చలి, బయట ఏముందో చూసేవాడు లేడు. శృంగవరపుకోటలో మొదలైన సినిమా అనంతగిరి దాటినా అవదు. మలుపుల్లో తల వంచుకుని ఫోను చూస్తే కడుపులో తిప్పక ఏం చేస్తుంది? అందుకొక మాత్ర. మా అమ్మ ఒక నిమ్మకాయ చేతికిచ్చి వాసన చూస్తూ దూరంగా కొండకేసి చూడమనేది. వాంతి ఆగేదో లేదోగాని కొండ మాత్రం కనబడేది. కాఫీ తోటల నీడ కోసం వేసిన సిల్వర్ ఓక్ చెట్లూ, వాటి మీదకి పాకిన మిరియాల తీగలూ రోడ్డు పక్కనే ఉన్నాయి కదా, చూశారా అని మనవడిని అడిగాను. "కాఫీ మ్యూజియంలో ఫోటో ఉంది తాతయ్యా" అన్నాడు.

అరకు చేరాక ఇంకో సంగతి. పెద్ద పెద్ద రంగు అక్షరాలతో ఆ ఊరంటే తమకి ప్రేమ అని ఇంగ్లీషులో చెప్పే బోర్డులు వెలిశాయి. ఊరికి ఊరు వెనక కనబడుతుంటే, ఆ అక్షరాల దగ్గర నిలబడి ఊరికి వీపు పెట్టి ఫోటో తీయించుకుంటారు. నవంబరు, డిసెంబరుల్లో వలిసె పూలు పూస్తాయి. గట్ల దాకా పసుపే పసుపు. మా రోజుల్లో గట్టు మీద నిలబడి చూసి వచ్చేవాళ్ళం. ఇప్పుడు చేలోకి దిగి, పూలు తొక్కి, పంట మధ్యలో పడుకుని ఫోటో. ఆ రైతు మనిషికింతని వసూలు చేస్తున్నాడని మావాళ్ళు విసుక్కున్నారు. వసూలు చెయ్యడా మరి? వలిసెలు నూనె గింజలు బాబూ, మీ చీరకి మ్యాచింగు కోసం వెయ్యలేదు. నన్నడిగితే ఇంకా ఎక్కువ తీసుకోమంటాను.

అక్కడి కాఫీ 2017లో పారిస్‌లో దుకాణం పెట్టింది, 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా తెచ్చుకుంది. సంతోషం. ఆ సంగతి కారులో దారి పొడుగునా చెప్పుకున్న మావాళ్ళు, దిగీ దిగగానే సీసాల్లో చల్లటి రంగు పానీయాలు కొనుక్కున్నారు.

బొర్రా గుహలు. 1807లో విలియం కింగ్ అనే దొర చూసి బయటి లోకానికి చెప్పాడని పుస్తకాల్లో రాస్తారు. ఆవు కంతలోంచి జారి లోపల పడితే వెతుక్కుంటూ వెళ్ళిన పశువుల కాపరి శివలింగాన్ని చూశాడని కొండ మీదివాళ్ళు చెబుతారు. వాళ్ళు దొరకన్నా ముందు నుంచీ అక్కడే ఉన్నారు కాబట్టి నేను వాళ్ళ మాటే నమ్ముతాను. మేం వెళ్ళినప్పుడు ఊరి కుర్రాడొకడు దీపం పట్టుకుని ముందు నడిచేవాడు. ఆ దీపం ఎంతమేర పడితే అంతే గుహ. మిగతాదంతా చీకటి, గబ్బిలాల రెక్కల చప్పుడు, ఎక్కడో టపటపా నీటి చుక్కలు. ఆ చుక్కల్లో సున్నం కరిగి ఉంటుందనీ, ఆ సున్నమే పేరుకుని పేరుకుని స్తంభాలవుతుందనీ, జానెడు పెరగడానికి వేల ఏళ్ళు పడుతుందనీ మా మేష్టారొకరు ఆ చీకట్లో చెబుతుంటే నోట మాట రాలేదు. ఇప్పుడు లోపల ఎర్ర లైట్లు, పచ్చ లైట్లు, నీలం లైట్లు. పెళ్ళి మండపంలా ఉంది. మెట్లు కట్టారు, రెయిలింగులు పెట్టారు, అది మంచిదే, నా మోకాళ్ళకి కావాలి. ఆ నీలం లైటు మాత్రం ఎవరి మోకాళ్ళ కోసమో అంతుపట్టలేదు.

దారి చెప్పే మనిషి గురించి కూడా చెప్పాలి. మా డ్రైవరుకి ఏ ఊళ్ళో ఏ బావి నీళ్ళు తియ్యగా ఉంటాయో తెలుసు. ఎక్కడ పంచరు వేస్తారో, ఎక్కడ తాటి ముంజెలు లేతవి దొరుకుతాయో, వానొస్తే ఏ గెడ్డ పొంగుతుందో తెలుసు. అడక్కపోయినా చెప్పేవాడు, అదొక్కటే ఇబ్బంది. ఇప్పుడు ఫోనులోంచి ఒకావిడ చెబుతుంది. ఆవిడకి దారి తెలుసు, ఊళ్ళు తెలియవు. నాలుగు నిమిషాలు కలిసొస్తాయని కిందటేడు మమ్మల్ని కొత్తవలస అవతల ఒక పొలం గట్టు మీదకి తీసుకెళ్ళింది. ఎదురుగా గడ్డి బండి. బండివాడు మా అల్లుడిని చూసి, "ఫోను సెప్పిందేటి బాబూ?" అన్నాడు. రోజూ మాలాంటివాళ్ళు ఎవరో ఒకరు వస్తున్నట్టున్నారు. ఎడ్లు వెనక్కి నడవవు కాబట్టి కారే వెనక్కి నడిచింది.

భీమిలి సంగతికొస్తే నాకు నిజంగానే కోపం వస్తుంది. పాతిక ముప్పై కిలోమీటర్ల సముద్రపు రోడ్డు. మా రోజుల్లో జోడుగుళ్ళపాలెం దాటితే ఒక పక్క సముద్రం, ఇంకో పక్క సరుగుడు తోటలు, జీడిమామిడి తోటలు, మధ్యలో సన్నటి తారు రోడ్డు. ఎదురుగా బస్సు వస్తే ఇసకలోకి దిగాలి. దిగితే చక్రం కూరుకుపోతుంది. కూరుకుపోతే వలలు బాగు చేసుకుంటున్న నలుగురు వచ్చి తోసేవాళ్ళు. కిటికీలోంచి సరుగుడు ఆకుల హోరు ఏదో, సముద్రం హోరు ఏదో తెలిసేది కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఆ చెట్లని చాలామటుకు పడగొట్టింది. తుఫాను వదిలేసినవాటి సంగతి మనవాళ్ళు చూసుకున్నారు. ఇప్పుడు ఆ దారంతా రిసార్టులు, కల్యాణ మండపాలు, గోడలు. రోడ్డు వెడల్పయింది, సముద్రం సన్నబడింది. గోడకీ గోడకీ మధ్య సందులో ఓ ముక్క నీలం కనబడితే "అదిగో సముద్రం" అని చూపించుకుంటున్నాం. సముద్రం ఒడ్డున పుట్టినవాళ్ళం!

2020 అక్టోబరులో తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకి కొట్టుకొచ్చిన బంగ్లాదేశ్ ఓడని చూడటానికి జనం కార్లు వేసుకుని ఎగబడ్డారు. అక్కడే రోజూ ఉన్న సముద్రాన్ని మాత్రం దానికి వెనక తెరలాగే వాడుకున్నారు.

భీమిలి అంటే మాకు ఒక రోజంతా పని. పొద్దున్నే గడియార స్తంభం దగ్గర కారాపి, కొండెక్కి నరసింహస్వామిని చూసి, దిగి వచ్చి డచ్చివాళ్ళ సమాధుల దగ్గర చెట్టు కింద చాప పరిచేవాళ్ళం. శ్మశానంలో పులిహోర ఏమిటని మా నాయనమ్మ మొదట్లో గొణిగింది. వాళ్ళు పోయి రెండు మూడు వందల ఏళ్ళయింది, మైల ఉండదులే అని మా నాన్న సర్దిచెప్పాడు. ఆ తర్వాత ఆవిడే ఒక సమాధి నీడలో కునుకు తీసింది. సమాధుల మీద అక్షరాలు మాకు చదవడం రాదుగాని అంకెలు వచ్చు కదా. పోయిన ఏడాదిలోంచి పుట్టిన ఏడాది తీసేసి చూస్తే అందరూ ముప్పై, నలభైల్లో పోయినవాళ్ళే. ఎక్కడో హాలండు నుంచి బట్టల వ్యాపారానికి వచ్చి ఇక్కడి జ్వరాలకి పోయారు పాపం అని ఆడవాళ్ళు జాలిపడేవాళ్ళు. ఎండ తగ్గాక గోస్తనీ నది సముద్రంలో కలిసేచోటికి నడక. ఒక కాలు ఏటి నీళ్ళలో, ఒక కాలు ఉప్పు నీళ్ళలో పెట్టి నిలబడటం పిల్లల పందెం. 1861లో మునిసిపాలిటీ అయిన ఊరు అది, మన దేశంలో పాతవాటిలో ఒకటి. భీమిలిలో తీసిన 'మరోచరిత్ర' సినిమా 1978లో వచ్చాక ప్రేమలో పడ్డవాళ్ళందరూ అక్కడికే బయలుదేరారు. కాస్త సందడి పెరిగింది. అయినా వచ్చినవాళ్ళు సాయంత్రం దాకా ఉండేవాళ్ళు.

మా మరదలి కొడుకు హైదరాబాదు నుంచి వచ్చి, "భీమిలి చూసేశాం పెదనాన్నా" అన్నాడు. ఎంతసేపు ఉన్నావురా అన్నాను. "యూ టర్న్ కొట్టుకుని వచ్చాం" అన్నాడు.

తిండి విషయం పొడిగించను, మా ఆవిడ చదువుతుంది. తెల్లవారుజామున మూడింటికి లేచి పులిహోర, దద్దోజనం, గారెలు, మాగాయ కలిపిన ముద్దలు క్యారేజీలకి ఎక్కించింది ఆవిడే. దారిలో కూర్చుని తిన్నది మేం. పొద్దున్నించి నిలబడ్డ మనిషి కారులో కూర్చోగానే నిద్రపోయేది. "నేను అరకు ఎప్పుడు చూశాను? మీ బావగారి భుజం చూశాను" అంటుంది ఇప్పటికీ. కాబట్టి బయట తినడం గురించి ఈ ఇంట్లో నేను నోరెత్తను. ఇంకో మాట కూడా ఆవిడదే. మా రోజుల్లో ఇంత దారిలోనూ ఆడవాళ్ళకి ఒక మరుగు ఉండేది కాదు. మగవాళ్ళం చెట్టు చాటుకి వెళ్ళొచ్చేవాళ్ళం. వాళ్ళు పొద్దున్నుంచి నీళ్ళు తాగడమే మానేసేవాళ్ళు. ఇప్పుడు పెట్రోలు బంకుల్లో ఉన్నాయి, హోటళ్ళలో ఉన్నాయి. తలుపుకి గడియ పడదని, నీళ్ళు రావని మా అమ్మాయి సణుగుతుంది. సణగనివ్వండి, నేను మాత్రం ఆ విషయంలో పాతరోజుల్ని వెనకేసుకురాను.

ఇక అర్ధరాత్రి ప్రయాణాలు. వీటిని పగటి షికారు అనడానికి నాకు నోరు రాదు. లంబసింగి నూరు కిలోమీటర్లకు పైచిలుకు. చింతపల్లి వైపు కొండల మీద చిన్న గిరిజన గూడెం. చలికాలంలో అక్కడ నీళ్ళు గడ్డకట్టేంత చలి పడుతుందని పేపర్లో పడటం ఆలస్యం, ఊరు ఊరంతా రాత్రి ఒంటిగంటకి కార్లు బయటికి తీస్తోంది. మంచు పడుతున్న ఘాట్‌లో, నిద్ర కళ్ళతో, సాఫ్ట్‌వేరు కుర్రాళ్ళు. ఎందుకర్రా అంటే పొగమంచు చూడటానికి. పొగమంచులో కనబడేది పొగమంచే కదా! పాడేరు దగ్గర వంజంగి కొండది ఇంకో కథ. కింద మేఘాలు పాల సముద్రంలా పరుచుకుంటాయట. చీకట్లోనే కొండెక్కి ఎదురుచూడాలట. మా మనవడు ఫోటో చూపించాడు. మేఘాలు బాగానే ఉన్నాయి, కాదనను. వాటికన్నా ముందు వరసలో మూడు వందల తలకాయలు, ఆ తలల మీద మూడు వందల ఫోన్లు. వాళ్ళంతా దిగి వచ్చాక కొండ మీద మిగిలే సీసాలు, ప్లాస్టిక్ కప్పులు ఏరేది ఆ గూడెం పిల్లలు. మేం అడ్డాకులో తిని పారేస్తే రెండు రోజుల్లో మేకలు చూసుకునేవి. ఈ కప్పు మేకకి పెట్టి చూడండి.

ఇన్ని వందల కార్లు ఒకేచోటికి పోతున్నాయి కదా, పోనివ్వండి. దానివల్ల నాలాంటివాళ్ళకి కలిగిన లాభం ఒకటుంది: మిగతా చోట్లు ఖాళీగా ఉన్నాయి.

అనకాపల్లి దగ్గర శంకరం ఉంది. బొజ్జన్నకొండ, దాని పక్కనే లింగాలకొండ. కొండరాతిని అలాగే చెక్కి వరసలు వరసలుగా స్తూపాలు నిలబెట్టారు బౌద్ధులు. గుహల గోడల మీద బుద్ధుడు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అలెగ్జాండర్ రే తవ్వించాడు. చిన్నప్పుడు కనుమ నాడు అక్కడ తీర్థం జరిగేది. ఆ బొజ్జ ఉన్న విగ్రహం రాక్షసుడనుకుని జనం రాళ్ళు రువ్వేవాళ్ళు. తర్వాత చెప్పి మాన్పించారు. చూశారా, ఇది కూడా ఇప్పుడే నయం. భీమిలి దారిలోని తొట్లకొండ మీదికైతే కార్లు నేరుగా వెళ్తాయి. నౌకాదళంవాళ్ళు సర్వే చేస్తుంటే బయటపడిన బౌద్ధ విహారం అది. అందరూ పైకి ఎక్కి, వెనక్కి తిరిగి, సముద్రాన్నే ఫోటో తీసుకుని దిగిపోతారు.

పద్మనాభం గురించి మా అల్లుడు పుట్టి బుద్ధెరిగి వినలేదట. భీమిలికి కూతవేటు దూరం. 1794 జూలై 10న విజయనగరం ప్రభువు చిన్న విజయరామరాజు ఈస్టిండియా కంపెనీవాళ్ళకి కప్పం కట్టనని ఎదురు తిరిగి ప్రాణాలు వదిలిన నేల. కొండ మీద అనంత పద్మనాభస్వామి, వెయ్యికి పైగా మెట్లు. సగం ఎక్కితే గోస్తనీ ఎటు నుంచి ఎటు పోతుందో మొత్తం కనబడుతుంది. "రేటింగు ఎంత ఉంది మావయ్యా?" అని అడిగాడు. యుద్ధానికి రేటింగు ఇచ్చే అలవాటు మాకు లేదన్నాను.

ఏటికొప్పాక కూడా అంతే. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రని చరఖం మీద తిప్పుతూ, లక్క కర్ర ఆనిస్తే ఆ వేడికి లక్క కరిగి రంగు పట్టడం, మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడటం కళ్ళెదుట చూడొచ్చు. పిల్లవాడు ఒక బొంగరం తయారయ్యేదాకా నిలబడి చూస్తే దాని ధర అడగడు. మావాళ్ళు ఆ లక్క బొమ్మల్ని విమానాశ్రయంలో కొన్నారు, మూడింతలకి. పైగా "జీఐ ట్యాగ్ ఉంది మావయ్యా" అని నాకే చెప్పారు.

వచ్చే ఆదివారం మళ్ళీ చుట్టాలొస్తున్నారు. ఈసారి పట్టీ నేను రాశాను, వాట్సాప్‌లో కాదు, క్యాలెండరు వెనక. పద్మనాభం. అంతే, రెండో పేరు లేదు. ఆరున్నరకల్లా కారెక్కాలి. ముందు సీటు నాది. అద్దం దించి ఉంచుతాను, ఏసీ కావలసినవాళ్ళు ఇంట్లో కూర్చోవచ్చు. ఆనందపురం హైవే మీదుగా తొందరగా వెళ్తామని ఫోనులో ఆవిడ అంటుంది, విననవసరం లేదు, భీమిలి మీదుగానే వెళ్ళాలి. దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఒక్కసారి ఆగుదాం, చూడటానికి కాదు, నాకు కాళ్ళు పట్టేస్తాయి కాబట్టి. మెట్లు ఎక్కలేనివాళ్ళు కింద నాతో కూర్చోండి. టిఫిను దారిలో కొంటాం, మా ఆవిడ మూడింటికి లేవదు. అడ్డాకులు మాత్రం పూర్ణా మార్కెట్లో తెచ్చి పెట్టాను. కట్ట చాలా ఖరీదు చెప్పాడు. సగానికి అడిగాను, ఇవ్వలేదు. కట్ట ఎత్తి పక్కన పెట్టేసి ఫోను చూసుకున్నాడు, వెనక్కి పిలవాల్సింది నేనే అయింది.